గట్టి రబ్బరు మంచి రబ్బరు కాదు



జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ పెద్ద ఊరికి వెళ్లినా ఒక పాత కారు కనిపిస్తుంది. వేపచెట్టు కిందో, గడ్డివాము పక్కనో, రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకొనో ఉంటుంది. ఎక్కువగా అంబాసిడర్, అక్కడక్కడా ఒక ఫియట్. మిర్చికీ పత్తికీ ధర పలికిన ఏడు తాతగారు కొన్నది. ఆయన పోయాక కూడా తుక్కు కింద అమ్మడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పక ఉంచుకున్నది. ఇప్పుడు మనవలు వచ్చి దాన్ని మళ్లీ రోడ్డెక్కిద్దామంటున్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనలు కూడా ఈ ఉత్సాహానికి ఊతమిచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన కారును వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. 1970ల మొదట్లో కొన్న మార్క్ టూ అంబాసిడర్లు ఇప్పటికే ఆ వయసు దాటేశాయి. 1975లో వచ్చిన మార్క్ త్రీ బండ్లు కూడా ఆ గుమ్మంలోకి వచ్చాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఇంజన్‌నూ, చాసిస్‌నూ, బాడీనీ మార్చేయకూడదు. రోజువారీ తిరుగుళ్లకూ, కిరాయికీ వాడకూడదు. వింటేజి నంబరు వేయించుకొని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పుదామనుకొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

సరే, బండిని బాగుచేయించడం మొదలుపెడతారు. రంగు వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు, బంపర్లకు క్రోమ్ పూత పెట్టిస్తారు. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. తీరా స్టార్టు చేస్తే స్టీరింగు వణుకుతుంది, తలుపుల అద్దాలు గలగలలాడతాయి, గేరు వేస్తే పడదు, పడితే దిగదు. పక్కనున్నవాళ్లు ‘పాత బండి కదా, అలాగే ఉంటుంది’ అనేస్తారు. ఆ మాటను నేను ఒప్పుకోను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నమూనాతో 1957లో హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపారా కర్మాగారంలో తయారీ మొదలైన కారు అది. కొత్తలో అలా వణికి ఉంటే మంత్రుల నుంచి మోతుబరుల దాకా అందరూ దాన్ని ఎక్కేవారే కాదు. ఈ వణుకుకు చాలాసార్లు కారణం ఇంజన్‌ను మోసే రబ్బర్లు. మన మెకానిక్కులు వాటిని మౌంటింగులంటారు. ముందు ఇంజన్‌కు అటూ ఇటూ చెరొకటి, వెనక గేరుబాక్సు కింద ఇంకొకటి. రెండు ఇనుప రేకుల మధ్య అతికిన రబ్బరు దిమ్మ, అంతే. వీటిని ఎలా ఎంచుకోవాలో ఈ పూట చెబుతాను. ఎందుకంటే, కొత్తవి వేయించిన తరవాత వణుకు ఇంకా పెరిగిన బండ్లు మన ప్రాంతంలోనే ఉన్నాయి.

కార్లు వచ్చిన తొలి రోజుల్లో ఇంజన్‌ను నేరుగా చాసిస్‌కు బోల్టులతో బిగించేవారు. ఇంజన్ ఎంత అదిరితే మనిషి అంత అదిరేవాడు. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్‌ను రబ్బరు మీద ఊగేలా కూర్చోబెట్టి, దానికి ‘ఫ్లోటింగ్ పవర్’ అని పేరు పెట్టింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ ఆ పద్ధతి హక్కులు తీసుకొని, నీళ్ల మీద తేలే హంస బొమ్మతో ప్రచారం చేసుకుంది. నాలుగు సిలిండర్ల చవక కారు కూడా పెద్ద కారులా కుదుపు లేకుండా నడుస్తుందని జనానికి అప్పుడు తెలిసింది.

రబ్బరు పని గురించి కొంచెం లెక్క చెబుతాను, దయచేసి ఓపికగా వినండి. అసలు కీలకమంతా ఇందులోనే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు రెండుసార్లు పేలుడు జరుగుతుంది. బండి నిలబడి ఐడిలింగులో ఉన్నప్పుడు నిమిషానికి 700 చుట్లు అనుకుందాం. అంటే నిమిషానికి 1400 పేలుళ్లు, సెకనుకు ఇంచుమించు 23 కుదుపులు. ఇక రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌కు తన సొంత ఊపు ఒకటుంటుంది. రబ్బరు తగినంత మెత్తగా ఉంటే ఆ ఊపు సెకనుకు పది, పన్నెండు. ఉయ్యాలను దాని ఊపుకు తగ్గట్టుగా తోస్తేనే పైకి లేస్తుంది కదా; ఊపుకు పొంతన లేకుండా చాలా వేగంగా చేత్తో తడుతుంటే కదలదు. ఇంజన్ కుదుపులు 23, రబ్బరు ఊపు 12 అయితే రెంటికీ పొంతన లేదు కాబట్టి కుదుపు చాలావరకు బాడీ దాకా చేరదు.

ఇప్పుడు రెట్టింపు గట్టిదనం ఉన్న రబ్బరు వేశామనుకోండి. సొంత ఊపు 17కు పెరుగుతుంది. ఆ దగ్గరకు వచ్చేసరికి రబ్బరు కుదుపును తగ్గించడం మానేస్తుంది. నాలుగింతలు గట్టిపడితే 24. ఇంజన్ కుదుపు, రబ్బరు ఊపు దాదాపు ఒకటైపోయాయి. ఇక ఆ రబ్బరు ఉండి కూడా లేనట్టే. నిజానికి లేనిదానికంటే హెచ్చు కీడే చేస్తుంది. నందిగామ గాంధీ సెంటరులో బండి ఆగినప్పుడల్లా ఊగిపోయి, వేగం అందుకోగానే సర్దుకొంటోందంటే జరుగుతున్నది ఇదే. పైగా అంబాసిడర్‌కు జీపులా విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. ఇంజన్‌కూ మనకూ మధ్య ఉన్న అడ్డు ఈ రబ్బర్లే.

అందుకే షాపులో ‘ఇది హెవీ డ్యూటీ అండీ, లారీ ఎక్కినా చెక్కుచెదరదు’ అన్నప్పుడు సంతోషించకండి. చెక్కుచెదరనిది మనకు అక్కర్లేదు. గేరుబాక్సుతో కలిపి సుమారు రెండు వందల కిలోల బరువు మోస్తూనే, ప్రతి కుదుపుకూ కొంచెం లొంగే రబ్బరు కావాలి. గట్టి సామాను మంచి సామాను అన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. కమాను పట్టీలకు అది సరిపోతుందేమో గాని మౌంటింగులకు సరిపోదు.

కొనడానికి ముందు పాతవాటిని పరీక్షించాలి. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, నమ్మకమైన డ్రైవరును కూర్చోబెట్టండి. బండికి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. మీరు పక్కన ఉండి చూడండి. మొదటి గేరులో క్లచ్చును కొద్దిగా, చాలా కొద్దిగా వదలమనండి. ఇంజన్ ఒక పక్కకు ఒరుగుతుంది. కొద్దిగా ఒరగడం సహజం. ఎడమ పక్క లేచి రబ్బరుకూ రేకుకూ మధ్య వెలుగు కనిపిస్తే మౌంటింగు తెగినట్టే.

ఎడమ పక్క అని ఊరికే అనలేదు. ముందు నుంచి చూస్తే ఈ ఇంజన్ గడియారపు ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. ఆ తిప్పుడుకు ప్రతిగా ఇంజన్ దిమ్మ రెండో వైపు ఒరుగుతుంది. బండి ముందుకు లాగేటప్పుడల్లా డ్రైవరుకు ఎడమ చేతి వైపున్న మౌంటింగు పైకి సాగుతుంది, కుడివైపుది కిందికి నొక్కుకుంటుంది. రబ్బరు నొక్కుడును తట్టుకున్నంత బాగా సాగుడును తట్టుకోదు. దానికి తోడు, పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఎగ్జాస్టు మానిఫోల్డు ఎడమవైపే ఉంటుంది. టాపెట్ కవర్లు కూడా అటే. వాటి గాస్కెట్లు పాతబడితే నూనె అటే కారుతుంది. సాగుడు, వేడి, నూనె, మూడూ ఒక్కదాని మీదే. కుడివైపుది బాగుంది కదా అని ఎడమది ఒక్కటే మార్చేవాళ్లున్నారు. అలా చేస్తే ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉండి ఇంజన్ వంకరగా కూర్చుంటుంది. ముందు రెండూ జతగా మార్చాలి. వెనక దాన్ని కూడా ఆ చేత్తోనే మార్చడం మేలు.

ఈ ఎడమ మౌంటింగు సంగతి చిన్నదనుకోకండి. 1965 నుంచి 1969 దాకా అమెరికాలో అమ్మిన షెవర్లే కార్లలో మౌంటింగు తెగి, ఇంజన్ పైకి లేచి, యాక్సిలరేటరు పట్టేసుకొన్న ఘటనలు వచ్చాయి. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ కంపెనీ ఏకంగా 67 లక్షల దాకా కార్లను వెనక్కి పిలిచి, ఇంజన్ పైకి లేవకుండా పట్టుకొనే ఏర్పాటు చేయవలసి వచ్చింది. మన అంబాసిడర్ ఇంజన్‌కు అంత బలం లేదు. కానీ మౌంటింగు కుంగితే రేడియేటరుకు ఫ్యాను తగులుతుంది, సైలెన్సరు గొట్టం బాడీకి కొట్టుకుంటుంది, స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీల పొందిక చెడుతుంది. గేరు పడటం లేదని గేరుబాక్సు విప్పించడానికి ముందు మౌంటింగులు చూపించుకోండి. చాలా డబ్బు మిగులుతుంది.

ఇక కొనడం. మొట్టమొదట మీ బండిలో ఉన్నది ఏ ఇంజనో నిర్ధారించుకోవాలి. ఇది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పెట్రోలు ఖర్చు భరించలేక చాలా అంబాసిడర్లలో ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించారు. ఆ పనిలో కొన్ని బండ్లకు బ్రాకెట్లు కూడా కోసి మళ్లీ వెల్డింగు చేశారు. 1992 తరవాత వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ బండ్లు మళ్లీ వేరు. ‘అంబాసిడర్ మౌంటింగు ఇవ్వండి’ అని అడిగితే షాపులో చేతికి అందింది ఇస్తారు. డీజిల్ ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకొని చేసిన గట్టి రబ్బరు పెట్రోలు ఇంజన్ కింద పడితే, ఇందాక చెప్పిన లెక్క తలకిందులైపోతుంది. పాత మౌంటింగు విప్పి, తుడిచి, వెంట తీసుకెళ్లండి. ఫొటో సరిపోదు.

ఎక్కడ దొరుకుతాయి? మనకు దగ్గర విజయవాడ ఆటోనగర్. అక్కడ దొరక్కపోతే చెన్నైలో పుదుపేట, కలకత్తాలో మల్లిక్ బజార్. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఆ తరవాత మనకు దొరికేవి రెండు రకాలు: మిగిలిపోయిన పాత సరుకు, ఇతరులు అచ్చు పోసి చేసిన కొత్త సరుకు.

పాత సరుకు మీద మోజు ఉండటం సహజమే. కంపెనీ పేరు ముద్రించిన అట్టపెట్టె, లోపల నూనె కాగితం, చూడగానే చెయ్యి జేబులోకి పోతుంది. అద్దమో, డోరు పిడో, మీటరో అయితే కళ్లు మూసుకొని కొనండి. రబ్బరును మాత్రం అలా కొనకూడదు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజనూ ఓజోనూ దాన్ని పెట్టెలో ఉండగానే గట్టిపరుస్తాయి. రబ్బరు సరుకు నిల్వ గురించి ఐఎస్ఓ 2230 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో సహజ రబ్బరుకు ఇచ్చిన మొదటి నిల్వ కాలం అయిదేళ్లు. ముప్పై ఏళ్లు అల్మారాలో పడున్న మౌంటింగు కొత్తదని ఎలా అంటాం? దాని ఇనుప రేకులు మాత్రం విలువైనవి. వాటి గురించి తరవాత చెబుతాను.

కొత్తగా చేసిన వాటిని చేతిలోకి తీసుకొని చూడండి. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే గుర్తు పడి, మెల్లగా మాయమవ్వాలి. గుర్తే పడకపోతే గట్టిది. రబ్బరు గట్టిదనం కొలిచే చిన్న మీటరు ఉంటుంది, డ్యూరోమీటరు అంటారు. షోర్ ఏ అనే కొలతలో కార్ల మౌంటింగులు సాధారణంగా 45 నుంచి 60 మధ్య ఉంటాయి. 70 దాటితే పక్కన పెట్టండి. తరవాత రబ్బరు రేకుకు అతికిన అంచు చుట్టూ చూడాలి. ఎక్కడైనా గోరు దూరేంత సందు ఉంటే అక్కడి నుంచే ఊడుతుంది. రబ్బరును వంచితే సన్నని పగుళ్లు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. జతలో రెండూ ఒకే తీరున ఉన్నాయో లేదో తెలియడానికి, రెంటినీ నేల మీద పెట్టి, పైన పలక వేసి, పలక మధ్యలో మనిషి నిలబడితే చాలు. పలక ఒక పక్కకు వాలితే అవి జత కావు.

ఇంకొక సంగతి, మర. బ్రిటిష్ మూలం ఉన్న ఆ పాత ఇంజన్లకు అంగుళాల మరలు. ఇప్పుడు చేసే కొన్ని మౌంటింగులకు మిల్లీమీటర్ల మర స్టడ్లు వేస్తున్నారు. అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టూ, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టూ పక్కపక్కన పెడితే లావులో తేడా కంటికి తెలియదు. మర మాత్రం వేరు. రెండు చుట్లు చేత్తో ఎక్కి ఆగిపోతుంది. మూడో చుట్టు పానాతో బలవంతంగా తిప్పితే మర చితికిపోతుంది, నాలుగు నెలల్లో నట్టు ఊడిపోతుంది. పాత నట్టును వెంట తీసుకెళ్లి, చేత్తో చివరిదాకా ఎక్కుతుందో లేదో షాపులోనే చూసుకోండి.

పాలీయురేథేన్ మౌంటింగులని రంగురంగులవి కూడా వస్తున్నాయి. నూనెకు చెడవు, చాలా ఏళ్లు ఉంటాయి. పందేల కార్లకు అవి తగినవి. వాటి గట్టిదనం వల్ల మన బండికి నేను వద్దంటాను. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు నూనెను సహజ రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది. ఇంజన్ నూనె కారడం ఎంతకీ ఆగని బండికి అది దొరికితే వేసుకోవచ్చు. కానీ నూనె కారడం ఆపి సహజ రబ్బరు వేయడమే నా మొదటి సలహా. కుదుపును ఓర్చుకోవడంలో, సాగి మళ్లీ యథాస్థితికి రావడంలో సహజ రబ్బరుకు సాటి వచ్చేది లేదు. అంబాసిడర్ పాత ఇంజన్, ఇంగ్లండులో ఎంజీబీ కారుకు వేసిన ఇంజన్ ఒకే కుటుంబానివి కాబట్టి అక్కణ్ణుంచి తెప్పిద్దామని కొందరు కుర్రాళ్లు అంటున్నారు. ఇంజన్‌లో వేసే సామాను చాలావరకు కలుస్తుంది. మౌంటింగు అలా కాదు. దాని ఒక కొస ఇంజన్‌దైతే రెండో కొస బాడీది. బాడీలు వేరు కాబట్టి కొలిచి చూడకుండా డబ్బు పంపకండి.

ఏదీ కుదరకపోతే పాత రేకులకు కొత్త రబ్బరు పోయించడం ఒక మంచి మార్గం. పాత సరుకు రేకులు విలువైనవన్నది ఇందుకే. రేకును ఇసుకతో కొట్టించి తెల్లగా చేయాలి, బంధించే రసాయనం పూయాలి, అచ్చులో పెట్టి వేడితో, ఒత్తిడితో రబ్బరును అక్కడే ఉడికించాలి. అప్పుడే రబ్బరూ ఇనుమూ ఒకటవుతాయి. తయారైన రబ్బరు ముక్కను సొల్యూషనుతో అతికిస్తానంటే ఒప్పుకోవద్దు. లారీ టైరు ముక్క కోసి మధ్యలో బోల్టు దూర్చి బిగించే పద్ధతి కూడా మన షెడ్లలో ఉంది. దారిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చడానికి అది గొప్ప ఉపాయమే. ఆ మేస్త్రీల నేర్పును నేను గౌరవిస్తాను. కానీ టైరులో దారాల పొరలుంటాయి, అది సాగదు. పైగా మధ్యలో దూర్చిన బోల్టు ఇంజన్ నుంచి బాడీకి ఇనుము మీద ఇనుముగా కుదుపును నేరుగా చేరవేస్తుంది. ఇల్లు చేరాక తీసేయాలి.

బిగించేటప్పుడు ఇంజన్ అడుగున నూనె ఉండే సంపు కింద జాకీ నేరుగా పెట్టకండి, రేకు సొట్ట పడుతుంది. వెడల్పాటి చెక్క దిమ్మ వేసి మెల్లగా లేపాలి. కొత్తవి పెట్టి నట్లన్నీ వేళ్లతో మాత్రమే బిగించి, ఇంజన్‌ను కిందికి దించి, చేత్తో అటూ ఇటూ ఊపి, దాని చోటులో అది కుదురుకున్నాక అప్పుడు పానా పట్టాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఆ మెలికతోనే తొందరగా చినుగుతుంది. ఇంజన్ నుంచి బాడీకి ఉండే ఎర్తు పట్టీని కూడా అప్పుడే చూసుకోండి. రబ్బరు కరెంటును పోనివ్వదు. పట్టీ తెగి ఉంటే స్టార్టరు కరెంటు చోకు కేబులు గుండానో యాక్సిలరేటరు కేబులు గుండానో దారి వెతుక్కొని దాన్ని కాల్చేస్తుంది.

మన మెట్ట ప్రాంతపు ఎండ గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. వేసవిలో వాతావరణ శాఖ ప్రకటనల్లో నందిగామ పేరు ఎంత తరచుగా వినిపిస్తుందో మీకు తెలుసు. పది డిగ్రీల వేడి పెరిగితే రబ్బరు ఇంచుమించు రెట్టింపు వేగంతో ముసలిదవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఇంజన్ ఆపిన తరవాత గాలి ఆడక బానెట్ లోపల వేడి ఇంకా పెరుగుతుంది. మే నెలలో చిల్లకల్లు నుంచి జగ్గయ్యపేట వెళ్లి వచ్చినా సరే, బండి ఆపగానే కాసేపు బానెట్ ఎత్తి ఉంచడం మంచి అలవాటు. కదలకుండా ఉంచిన బండికి రబ్బరు చెడదనుకోకండి. ఇంజన్ బరువు రాత్రింబవళ్లు దాని మీదే ఉంటుంది, ఏళ్ల తరబడి నొక్కుకుపోయి ఆ కుంగుడులోనే ఉండిపోతుంది. షెడ్డులో పదేళ్లున్న కారును లేపేటప్పుడు మౌంటింగులు బాగున్నట్టు కనిపించినా మార్చేయండి.

మన ప్రాంతపు మనుషులు దారులు వేయించిన చరిత్ర కూడా తక్కువది కాదు. నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు, 1952లో ఖోస్లా కమిటీ ప్రాజెక్టు స్థలం చూడటానికి దారి సరిగా లేదంటే, ఊళ్ల జనాన్ని కూడగట్టి జీపులు పోయే బాట వేయించారని పెద్దలు చెప్పుకుంటారు. అలాంటి బాటల మీద తిరగడానికి పనికొచ్చిన తరం బండ్లివి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద ఇవి వణకవలసిన అవసరమే లేదు.

చివరగా సర్వీసింగు సెంటరు వాళ్లతో ఒక మాట ఖచ్చితంగా చెప్పండి. బండి కడిగాక ఇంజన్‌కూ అడుగుభాగానికీ మెరుపు కోసం డీజిల్ చల్లడం చాలాచోట్ల అలవాటు. సహజ రబ్బరు డీజిల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, రేకు నుంచి ఊడిపోతుంది. ‘డీజిల్ కొట్టొద్దు తమ్ముడూ, సబ్బునీళ్లు చాలు’ అని పక్కన నిలబడి చెప్పండి. కొత్త మౌంటింగులు వేసిన అయిదారు వందల కిలోమీటర్లకు నట్లు ఒకసారి మళ్లీ బిగించండి. మార్చిన తేదీని బానెట్ లోపలి రేకు మీద పెయింటుతో రాసి ఉంచండి. విప్పిన పాత మౌంటింగులను మాత్రం తుక్కులో వేయకండి. తుడిచి, పాత రబ్బరు గీకేసి, రేకులకు గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టండి. మరో పదేళ్లకు రబ్బరు పోయించడానికి ఆ రేకులే కావాలి.